దవడకు తీగలు కట్టి ఇంటికి పంపితే సరిపోతుందా?

అయ్యా,

రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారికి నగదు కట్టక్కర్లేని వైద్యం పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజులు, లక్షన్నర రూపాయల వరకు. మంచి పనే, కాదనను. కానీ విరిగిన దవడ వారంలో అతకదు. పై పళ్లను కింది పళ్లతో కలిపి తీగలు కట్టేస్తే 4 నుంచి 6 వారాలు నోరు తెరవకూడదు. ఎముకకు లోహపు ప్లేట్లు వేసినా అన్నాళ్లూ గట్టి తిండి కుదరదు. అసలు వైద్యం అప్పుడే ఇంట్లో మొదలవుతుంది, అక్కడ అడిగే నాథుడే ఉండడు.

మా మేనల్లుడు గేదె అడ్డం రావడంతో బైకు మీంచి పడ్డాడు, దవడ విరిగింది. ఆపరేషన్‌కి వంక పెట్టలేం. చేతికిచ్చిన డిశ్చార్జి కాగితం మాత్రం మొత్తం ఇంగ్లీషు, తిండి గురించి ఒక్క ముక్కే ఉంది. మా అక్క రాగిజావ పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి, చెంప లోపలి నుంచి చివరి పళ్ల వెనక సందులోకి కొద్దికొద్దిగా పోసేది. ఆ కిటుకు చెప్పింది డాక్టరూ కాదు, నర్సూ కాదు. పక్క మంచం పేషెంటు తల్లి. జావ ఒక్కటే పోస్తే మనిషి చిక్కి సగమైపోతాడు. పప్పుకట్టు, పాలు, ఉడికించిన గుడ్డు పాలతో మిక్సీ పట్టింది రోజులో పలుమార్లు పట్టాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: వాంతి వచ్చి ఊపిరాడకపోతే వెంటనే తీగలు కత్తిరించాలి. అందుకు కట్టరు ఎప్పుడూ చేతికందేలా ఉండాలి, ఏ తీగ తెంపాలో ఇంట్లోవాళ్లకు ముందే చూపించి పంపాలి.

తీగలు బిగించాలన్నా, పై పళ్లను కింది పళ్లతో కలిపి పట్టే రబ్బరు బ్యాండ్లు మార్చాలన్నా పట్నం పోవాల్సిందే. తోడు వెళ్లినవాళ్ల కూలి కూడా పోతుంది. దాంతో కొందరు మధ్యలోనే మానేసి పసరు కట్టుకు పోతారు. చేతికో కాలికో ఏమో గానీ, పళ్ల వరస కుదరాల్సిన దవడకు కట్టు ఏం చేస్తుంది?

తీగలు విప్పాక నోరు బిగుసుకుపోయి ఉంటుంది. మూడు వేళ్లు నిలువుగా పట్టేదాకా రోజూ నోరు తెరిచే కసరత్తు చేయాలి. పిల్లల విషయం మరీ భయం. మెట్ల మీంచి గడ్డం ఆన్చి పడితే, గడ్డానికి కుట్లు వేసి పంపేస్తారు. చెవి ముందున్న కీలు దగ్గర ఎముక విరిగిన సంగతి ఎవరూ చూడరు. ఆ కీలు అతుక్కుపోతే బిడ్డకు నోరే తెరుచుకోదు, ఎదిగేకొద్దీ ముఖం ఒక పక్కకు పోతుంది.

ఏరియా ఆసుపత్రుల్లో పళ్ల డాక్టర్లు ఉన్నారు. బ్యాండ్లు మార్చడం, తీగలు విప్పడం వారికి చేతకానివి కావు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఒక చీటీ రాసిచ్చి అక్కడికి పంపే ఏర్పాటు ఉంటే చాలు. డిశ్చార్జి కాగితంతో పాటు తిండి, నోటి శుభ్రత, కసరత్తు వివరాలు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరా పథకం కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు ఇవ్వాలన్న ఆలోచనతో వచ్చింది. అలాంటి సాయం దవడ విరిగినవాళ్లకు తీగలు విప్పేదాకా అందేలా వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వులివ్వాలి.

– ఒక పాఠకుడు, మార్కాపురం