పిల్లలు కలిసి వాయించుకోవడానికి ఒక గది ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంట్లోనే వీణ నేర్పుతున్నాను. నా వయసు అరవై రెండు. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పిల్లలు ఫోన్లో జపాన్ బొమ్మల సీరియళ్లు చూసి చెడిపోతున్నారని మా వీధిలో, బంధువుల్లో ఎవరన్నా నేనూ అవునని తలూపేదాన్ని. పోయిన వేసవి సెలవుల తర్వాత అలా తలూపలేకపోతున్నాను. ఆ సంగతి చెప్పి, మన ఊరి బడులకు ఒక మనవి చేసుకోవాలని ఇది రాస్తున్నాను.

మే నెల మధ్యాహ్నం అన్నం తిని చాప మీద నడుం వాల్చాను. తొమ్మిదో తరగతికి రాబోతున్న నా మనవరాలు పక్కనే ఫోను చూస్తోంది. ఉన్నట్టుండి తీగ మీటిన శబ్దం. వీణ కాదు, సితార్ కాదు. "ఏందే అది?" అని లేచి కూర్చున్నాను. "కోతో అవ్వా. జపానోళ్ల వీణ అనుకో" అని ఫోను నా వైపు తిప్పింది.

అది 2019లో వచ్చిన 'కొనో ఒతో తొమారే' అనే యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియల్. కథకంటే ముందు నా కళ్లు ఆ వాద్యం మీదే పడ్డాయి. మనిషంత పొడుగు చెక్క, దాని మీద 13 తీగలు. మెట్లు లేవు. ఒక్కో తీగ కింద దాన్ని ఎత్తిపట్టే ఒక చిన్న ఆనిక. దాన్ని అటూ ఇటూ జరిపి శ్రుతి చేసుకోవాలి. కుడి చేతి మూడు వేళ్లకు గోళ్లు తొడుక్కుని మీటుతారు. ఎడమ చేత్తో ఆనికకు అవతలి వైపు తీగను కిందికి నొక్కితే స్వరం పైకి లేస్తుంది. మనం వీణ మీద తీగను మెట్టు మీద లాగి స్వరాన్ని ఊపి పలికించే గమకాన్ని వాళ్లు నొక్కి పలికిస్తున్నారు. నాకు నిద్ర ఎగిరిపోయింది.

ఒక హైస్కూల్లో కోతో క్లబ్బు. సీనియర్లు చదువు ముగించుకుని వెళ్లిపోతే ఒకే ఒక్క పిల్లవాడు మిగులుతాడు. మనుషులు లేకపోతే క్లబ్బు మూసేస్తారు. అప్పుడు వచ్చేది చికా అనే అబ్బాయి. ఊరంతా రౌడీ అని ముద్ర వేసినవాడు. వాళ్ల తాత కోతోలు తయారుచేసేవాడు, ఆ క్లబ్బు పెట్టింది కూడా ఆయనే. ఈ అబ్బాయికి వాయించడం రాదు. తాత పోయాక ఆయన గురించి తెలుసుకోవాలంటే ఆ గది తప్ప వాడికి వేరే దారి లేదు. ఇంకొక అమ్మాయి సతోవా, పెద్ద కోతో విద్వాంసుల ఇంటి బిడ్డ. చేతిలో విద్య ఉంది గాని పక్కన కూర్చునే మనిషి లేదు. వీళ్లకు చికా స్నేహితులు ముగ్గురు తోడవుతారు. ముందు లెక్కకోసమే వచ్చినా, వేళ్లు కాయలు కాసేదాకా కూర్చుంటారు.

నాకు అందులో నచ్చింది పోటీలు గెలవడం కాదు. ఒకరు తప్పు వాయిస్తే పక్కవాళ్ల ముఖాలు ఎలా మారతాయో, తర్వాత ఆ తప్పును అందరూ కలిసి ఎలా సర్దుకుంటారో ఓపిగ్గా చూపించారు. సతోవా పక్కవాళ్లను వినడం మొదలుపెట్టాకే ఆమె సంగీతం మారుతుంది. నా దగ్గరా అలాంటి పిల్లలు చదువుకున్నారు. వర్ణాలు, కృతులు గడగడా వాయిస్తారు, ఇంకో వీణ పక్కన పెడితే తడబడతారు. తప్పు వాళ్లది కాదు. ఇన్నేళ్లూ నేనే ఒక్కొక్కరిని ఒక్కో గంటకు పిలిచి ఒంటరిగా నేర్పాను.

తర్వాత మనవరాలే ఏరి ఇంకో రెండు చూపించింది. 'కిడ్స్ ఆన్ ది స్లోప్' 2012లో వచ్చింది. కథ 1966లో, ససెబో అనే ఓడరేవు ఊళ్లో జరుగుతుంది. కాగితం చూసి పియానో వాయించే కవోరు, ఎవరిమాటా వినని డ్రమ్ముల సెంతారో. రికార్డుల అంగడి కింద నేలమాళిగలో ఇద్దరూ జాజ్ వాయించుకుంటారు. మధ్యలో చెడుతుంది, మాటలుండవు. స్కూలు ఉత్సవంలో వేరేవాళ్ల పాట నడుస్తుండగా కరెంటు పోతుంది. ఎలక్ట్రిక్ గిటార్లు మూగబోతాయి, జనం లేవబోతారు. కవోరు పోయి పియానో ముందు కూర్చుంటాడు. దానికి కరెంటుతో పనిలేదు. కాసేపటికి డ్రమ్ములు కలుస్తాయి. క్షమించమని ఎవరూ అడగరు. ఒకడు ఒక వరస వదిలితే రెండోవాడు అందుకుంటాడు, అంతే. ఆ ఒక్క ఘట్టం మూడుసార్లు పెట్టించుకుని చూశాను.

ఇంకొకటి 'సౌండ్ యుఫోనియం', ఉజి ఊళ్లోని స్కూలు బ్యాండు గురించి, 2015లో మొదలైంది. దాని మొదట్లోనే ఒక అమ్మాయి ఏడుస్తుంటుంది, బ్యాండు పైపోటీకి వెళ్లలేదని. పక్కనున్న కథానాయిక కుమికో నోరుజారి, నిజంగా వెళ్తామనుకున్నావా అని అడిగేస్తుంది. ఆ ఒక్క మాట ఇద్దరి మధ్యా ఎంతకాలమో అడ్డుగా ఉంటుంది.

అక్కడ నేను ఫోను ఆపమన్నాను. నాకు నా స్నేహితురాలు గుర్తొచ్చింది.

1980ల మొదట్లో మేమిద్దరం ఇక్కడ ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నాం. నాది వీణ, ఆమెది వయొలిన్. వాళ్ల ఇల్లు గోవిందరాజస్వామి గుడి ఉత్తర మాడవీధిలో. సాయంత్రం వాళ్ల మిద్దె మీద కూర్చుని, దీపాలు పెట్టే వేళ దాకా వాయించుకునేవాళ్లం. కల్యాణి రాగంలో స్వరకల్పనకు, అంటే అప్పటికప్పుడు అల్లుకునే స్వరాలకు, ముగింపు వరసగా ఆమె ఒక ముక్తాయింపు కట్టింది. ఎంత బాగుండేదంటే రోజూ అదే వాయించుకునేవాళ్లం. ఒక పోటీలో నన్ను ముందు పిలిచారు. నేను ఆ ముక్తాయింపు వాయించేశాను. అనుకుని చేయలేదు, చేతికి వచ్చేసింది. కానీ అది తనదని తెలిసీ ఆపలేదు. తర్వాత వేదికెక్కింది ఆమే. ఆ ముక్తాయింపు వదిలేసి, మామూలుగా ముగించి దిగింది. బహుమతి నాకొచ్చింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. మిద్దె మీదికి వెళ్లడం మానేశాను. పెళ్లిళ్లయ్యాయి, శుభలేఖలు పోస్టులో వెళ్లాయి. అంతటితో ముగిసింది.

జూన్‌లో నెంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో ఉంటోంది. పేరు చెప్పగానే కాసేపు మాట రాలేదు. తర్వాత, "ఏం మే, నా ముక్తాయింపు ఇప్పుడన్నా తాళం తప్పకుండా వాయిస్తాండావా?" అంది. నలభై ఏళ్లు దాచుకున్న మాట. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె వేళ్లకు కీళ్లనొప్పులు, కమాను పట్టుకోలేదు. వారానికొకసారి ఫోను పక్కన పెట్టుకుని నేను వీణ వాయిస్తే, అక్కడ తను తాళం వేస్తుంది.

ఆ నెల నుంచే నా దగ్గర పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెడుతున్నాను. రెండు వీణలు ఒకే శ్రుతికి చేరాలంటే బిరడా తిప్పుతూ ఒకరినొకరు వినక తప్పదు. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు ఒకరు మొదటి కాలంలో, ఇంకొకరు రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో. మొదటి వారం ఎవరి పరుగు వాళ్లదే. రెండో వారం రెండో కాలం వాయించే పాప ముందే ముగించి, పక్క పాప ఎక్కడుందో చూసి, ఎవరూ చెప్పకుండానే షడ్జం, అంటే 'స' మీద ఆగింది. అవతలి పాప వచ్చి కలిసింది. ఇద్దరూ తలెత్తి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లలో నా క్లాసులో అలాంటి చూపు చూడలేదు.

ఇక మనవి. నా మనవరాలు, కీబోర్డు నేర్చుకుంటున్న దాని స్నేహితురాలు కలిసి బడి వార్షికోత్సవంలో ఒక కీర్తన వాయిస్తామని అడిగారు. సాధనకు టైము లేదు, రికార్డు పెట్టి డ్యాన్స్ చేయండి చాలన్నారు. వారానికొక్క సంగీతం పీరియడ్ ఉండేది, దాన్నీ లెక్కలకు ఇచ్చేశారు. ఈ ఒక్క బడే కాదు, నా దగ్గరికొచ్చే పిల్లలందరిదీ ఇదే మాట. పదో తరగతి రాగానే వీణకు గుడ్డ కప్పేస్తారు. తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు, నేనూ పిల్లల్ని చదివించినదాన్నే. కానీ ఆ యానిమేలలో పిల్లలు కూడా పరీక్షలు రాసేవాళ్లే. వాళ్లకు ఉన్నది, మన పిల్లలకు లేనిది బడి అయ్యాక తలుపు తీసి ఉండే ఒక గది.

మన ఊరికి సంగీతం కొత్తది కాదు. మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, పూర్ణకుంభం సర్కిల్లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విగ్రహం ఉంది. ఇవన్నీ పెద్ద విద్వాంసులను వినడానికి, తలుచుకోవడానికి. రాకున్నా కలిసి వాయించుకుంటూ తప్పులు చేసే పిల్లలు ఎక్కడికి పోవాలి? అపార్ట్‌మెంటులో మృదంగం పడితే పక్కింటివాళ్లు బెల్లు కొడతారు.

ఏ బడి అయినా సరే, వారానికి రెండు సాయంత్రాలు, 5 నుంచి 7 దాకా ఒక గది ఇవ్వండి. బెంచీలు పక్కకు జరిపి రెండు చాపలు వేస్తే చాలు. వీణ, వయొలిన్, కీబోర్డు, గిటారు, ఏది వస్తే అది తెచ్చుకోనివ్వండి. పరీక్ష వద్దు, మార్కులు వద్దు. నా దగ్గర మూడు వీణలున్నాయి, ఒకటి ఆ గదిలోనే ఉంచుతాను. ఫీజు తీసుకోను. సాయంత్రం నాలుగున్నరకే వచ్చి శ్రుతి చేసి పెడతాను.

ఇట్లు,
ఒక వీణ టీచరు,
బైరాగిపట్టెడ, తిరుపతి.