బాపు నడుము ఫైల్ పట్టుకుని మా కోసం తిరిగిన అందరికీ దండాలు

ఎక్స్‌రే తీసిన అన్నకు, సీటీ స్కాన్ చూసి ఓపిగ్గా చెప్పిన డాక్టరమ్మకు, డ్యూటీ చేసి అలిసిపోయి కూడా మా ఫైల్ పట్టుకుని హనుమకొండంతా తిరిగిన మా వాడకట్టు తమ్ముడికి చాలా థ్యాంక్స్. పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు.

మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. పోయినేడు నడుములో ఎల్-4, ఎల్-5 పూసలకు స్క్రూలు, రాడ్లు వేసి, మధ్యలో కేజ్ (చిన్న డబ్బాలాంటి ఆధారం) పెట్టి, రెండు పూసలూ ఒక్కటిగా అతుక్కునేలా ఫ్యూజన్ ఆపరేషన్ చేశారు. కాలు గుంజుడు పోయింది, బాగానే తిరిగాడు. ఈ మధ్య మళ్లీ నొప్పి మొదలైతే ఒకచోట చూపించాం, వాళ్లు ఒక్క ఎక్స్‌రే చూసి స్క్రూ లూజైనట్టుంది, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు అన్నారు. ఇక ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

తమ్ముడు రేడియాలజీలో పీజీ చేస్తున్నాడు. "పాత ఫిల్ములన్నీ తీయన్నా, ఆపరేషనైన కొత్తల తీసింది ముఖ్యం" అన్నాడు. స్క్రూ జరిగిందా, కేజ్ కిందికి దిగిందా అన్నది పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుందట. తర్వాత పూసలు కదులుతున్నాయేమో చూడడానికి వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి ఎక్స్‌రే. ఇక్కడ ఆ అన్న గురించి చెప్పాలి, బయట లైన్ అంత ఉన్నా తొందరపెట్టలేదు, బాపు చేయి స్టూల్ మీద పెట్టించి "మెల్లగా బాపూ, నొప్పైతే చెప్పు, ఆపేద్దాం" అంటూ వంచాడు. పూసలు కదల్లేదు. కానీ స్క్రూలు పట్టి ఉంచినా కదలవు కదా, ఎముక నిజంగా అతుక్కుందో లేదో చెప్పాలంటే సన్నటి ముక్కలుగా తీసే సీటీనే నమ్మకం అన్నారు డాక్టరమ్మ.

ఆమె మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక్కో ముక్కా జరుపుతూ చూపించారు. కేజ్ లోపల నుంచి పై పూసకూ కింది పూసకూ మధ్య తెల్లగా ఎముక వంతెనలా కట్టుకుంది. స్క్రూ లూజైతే దాని చుట్టూ నల్లటి గీత కనబడుతుందట, నాలుగింటిలో ఒక్కదానికీ లేదు. అతుకు గట్టిపడడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందనీ, అతుక్కున్నా నొప్పి వేరే కారణంతో రావొచ్చనీ అప్పుడే అర్థమైంది. ఒంట్లో లోహం ఉందని ఎంఆర్ఐ అంటే మాకు భయం. బాపువి టైటానియం స్క్రూలని ఆపరేషన్ కాగితాల్లో చూసుకుని, ఏమీ కాదు, స్క్రూల పక్కన బొమ్మ కొంచెం చెదురుతుంది అంతే, నరాలు చూడాలంటే అదే మేలన్నారు. తీస్తే అతికిన చోటుకు పైనున్న ఎల్-3, ఎల్-4 మధ్య డిస్క్ (పూసల నడుమ ఉండే మెత్తటి దిండు) కొద్దిగా ఉబ్బింది. ఫ్యూజన్ అయినవాళ్లలో పై పూస మీద భారం పెరుగుతుందట.

రిపోర్టులన్నీ ఆపరేషన్ చేసిన సర్జన్ గారికే చూపించాం. ఆపరేషన్ వద్దు, ఫిజియోథెరపీ చాలన్నారు. బీడీ మాత్రం పూర్తిగా బంద్, ఎముక అతకడానికి పొగ శత్రువట (అమ్మ ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నదే, డాక్టర్ చెప్తే విన్నాడు!).

బాపు వాడిన వాకర్ ఇంట్లో ఊరికే ఉంది, వరంగల్ చుట్టుపక్కల ఎవరికైనా అవసరముంటే అడగండి, తెచ్చిస్తాను.