మీ పిల్లల కొలను గేటు గురించి, ఆ రోజు కట్టించుకున్న ఫైను గురించి

తేదీ: మే 21, 2025

స్విమ్మింగ్ పూల్ యాజమాన్యం వారికి,

విషయం: మే 18 ఆదివారం మా మనవరాలు మీ పెద్ద కొలనులో మునిగిపోయిన సంఘటనపై ఫిర్యాదు

నమస్కారం అండి.

మాది ఉండి మండలం. రొయ్యల చెరువులు చేసుకుంటాను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు నేను, నా భార్య, మా అమ్మాయి, దాని అయిదేళ్ళ కూతురు మీ పూల్‌కు వచ్చాం. పెద్దవాళ్ళకు మనిషికి 400, పాపకు 250, మొత్తం 1,450 రూపాయలు ఇచ్చి లోపలికి వెళ్ళాం. నాలుగున్నరకు పాప పెద్ద కొలనులో మునిగిపోయింది. బతికింది. మీ మనుషులెవరూ కాపాడలేదు. ఎవరో తెలియని ఒక తల్లి కాపాడింది. ముందు ఈ మాట చెప్పి, తర్వాత మిగిలింది చెబుతాను.

పాప సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చింది. రోహిణి కార్తె ఇంకా రాకుండానే ఇక్కడ ఉక్కపోత ఎలా ఉందో మీకూ తెలుసు. నా చిన్నప్పుడు వేసవి అంటే కాలువే. అరటి బోదె పట్టుకుని ఒకరు, లారీ ట్యూబు పట్టుకుని ఒకరు, ఊరంతా గట్టు మీదే ఉండేది. ఏ పిల్లాడైనా కాస్త లోపలికి పోతే పది గొంతులు ఒక్కసారి అరిచేవి. ఇప్పుడు వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్ళు వదిలాక కూడా పిల్లల్ని దింపడానికి భయం. అందులో మా రొయ్యల చెరువుల నీళ్ళు కూడా కలుస్తున్నాయి, అది మా తప్పే, ఒప్పుకుంటాను. అందుకే డబ్బులు పోయినా శుభ్రమైన నీళ్ళు, చూసుకునే మనిషి ఉంటాడని మీ దగ్గరికి తీసుకొచ్చాం. తాతయ్య ఈత నేర్పిస్తాడని పాప వారం రోజుల నుంచి అందరికీ చెప్పుకుంది.

గేటు దగ్గర కాటన్ బట్టలు పనికిరావన్నారు, నైలాన్ డ్రెస్సు 350 పెట్టి అక్కడే కొన్నాం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నూలు పోగులు ఫిల్టర్‌లో చుట్టుకుంటాయి, రూలు సరైనదే. కానీ ఆ ఒక్క రూలు మీద అంత గట్టిగా నిలబడ్డవాళ్ళు మిగిలినవన్నీ ఎలా వదిలేశారో నాకు అర్థం కావడం లేదు.

మీ పిల్లల కొలను అడుగున్నర లోతు. దాన్ని ఆనుకునే పెద్ద కొలను. మధ్యలో నడుమెత్తు గోడ, దానికో ఇనుప గేటు. ఆ గేటు గొళ్ళెం విరిగిపోయి ఉంది. ప్లాస్టిక్ తాడుతో కట్టారు, మేము వచ్చేటప్పటికే ఆ తాడు ఊడి కింద పడి ఉంది. గట్టు మీద లోతు రాసిన అంకెలు చెరిగిపోయాయి. ఒక చోట నాలుగు అంకె మాత్రం సగం కనిపిస్తోంది. గేటు దాటగానే గచ్చు మీద పాకుడు. మా పాప ఎత్తు మూడున్నర అడుగులు. ఆ గేటు దాటి రెండు అడుగులు వేస్తే దాని నెత్తి మీద నీళ్ళు.

మా అమ్మాయి తువ్వాలు తీయడానికి సంచి వైపు తిరిగింది. నేను తాగడానికి నీళ్ళు తేవడానికి లేచాను. ఆ కాసేపు మేము పాపను చూడలేదు. ఆ తప్పు మాది, జీవితాంతం మోస్తాం. దాన్ని మీ మీద వేయడం లేదు. కానీ పిల్లల మీద నుంచి తల్లిదండ్రుల కన్ను ఎప్పుడో ఒకసారి తప్పుతుందనే కదా గేటు పెట్టేది, మనిషిని పెట్టేది?

నేను వెనక్కి తిరిగేసరికి పాప లేదు. కేక లేదు, చప్పుడు లేదు. మునిగేవాళ్ళు చేతులు ఊపుతారని, అరుస్తారని సినిమాల్లో చూసి అందరం అనుకుంటాం. నిజానికి నోరు నీళ్ళ కిందికి పోతూ పైకి వస్తూ ఉంటే ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరవడం ఎక్కడ? చిన్న పిల్లలకైతే నిమిషం కూడా పట్టదు. పాప ముఖం పైకి తిప్పి, కళ్ళు తెరుచుకుని, నీళ్ళ కింద ఉంది. చుట్టూ ముప్పై మంది ఆడుకుంటున్నారు. పిల్లల కొలనులో తన బాబుని ఆడిస్తున్న ఒకావిడ చూసింది. చీరతోనే దూకి పాప జుట్టు పట్టుకుని పైకి లాగింది.

ఆ సమయంలో మీ లైఫ్‌గార్డ్ ఎక్కడున్నాడు? ఎత్తు కుర్చీ ఖాళీ. పసుపు టీషర్టు వేసుకున్న అబ్బాయి టికెట్ కౌంటర్ దగ్గర చిల్లర లెక్కపెడుతున్నాడు. నాలుగు నిమిషాల తర్వాత వచ్చి, పాపను తలకిందులుగా పట్టుకుని ఊపండి అన్నాడు. అది చేయకూడని పని. మునిగిన మనిషికి ఊపిరి ఆగితే ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, తర్వాత గుండె మీద 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఇస్తూ పోవాలి. మా అదృష్టం, పాప అప్పటికే దగ్గి, నీళ్ళు కక్కుకుని, ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినపడకపోయి ఉంటే ఆ అబ్బాయికి ఏం చేయాలో తెలియదు. అతన్ని తప్పు పట్టను. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఎవరూ నేర్పలేదు, టికెట్లు కూడా అతనితోనే కోయిస్తున్నారు. డాక్టర్ గారు పాపను రాత్రి దాకా ఉంచుకుని, ఊపిరితిత్తులు రెండుసార్లు పరీక్షించి ఇంటికి పంపారు.

నీళ్ళ గురించి కూడా రాయాలి. వాసన ఘాటుగా ఉంది, గంట తిరక్కుండానే పిల్లల కళ్ళు ఎర్రబడ్డాయి. క్లోరిన్ బాగా వేశారు కాబట్టి అలా ఉందని మీ కౌంటర్‌లో చెప్పారు. అది తప్పండి. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే పదార్థాల వల్లే ఆ వాసన, ఆ మంట. ఆ వాసన వస్తోందంటే నీళ్ళు మారాలని అర్థం. నా కారులో పీహెచ్, అంటే నీళ్ళలో పులుపు గుణం ఎక్కువుందా, ఉప్పు-సున్నం లాంటి క్షార గుణం ఎక్కువుందా అని చూసే కిట్ ఎప్పుడూ ఉంటుంది. ఆస్పత్రికి బయలుదేరే కంగారులో కాదు, ఆ ముందే, రాగానే వాసన చూసి అనుమానం వచ్చి ఒక సీసాలో నీళ్ళు పట్టి చూశాను. 8.4 వచ్చింది. కొలను నీళ్ళకు 7.8 దాటకూడదు. పీహెచ్ పెరిగితే ఎంత క్లోరిన్ వేసినా క్రిములను చంపే బలం తగ్గిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ పోసేకొద్దీ పీహెచ్ ఇంకా పెరుగుతుంది. క్లోరిన్ చూసే చుక్కలు ఆ రోజు నా దగ్గర లేవు కాబట్టి దాని గురించి మాట్లాడను. నా చెరువులో రొయ్యలకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పీహెచ్ చూసి పుస్తకంలో రాస్తాను. పసిపిల్లలు మింగే నీళ్ళకు మీ దగ్గర అలాంటి పుస్తకం ఉందా? ఉంటే గేటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టండి.

సాయంత్రం ఫోన్ చేస్తే మీ మేనేజర్ గారు టికెట్ వెనక చదవలేదా అన్నారు. చదివాను. ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని చీమ తలంత అక్షరాల్లో ఉంది. విరిగిన గొళ్ళెం ఆ మాటతో అతుక్కోదు. డబ్బు తీసుకుని ఇవ్వాల్సిన సేవ సరిగ్గా ఇవ్వకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, రెండేళ్ళ లోపు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాకే ఇది రాస్తున్నాను. వెళ్ళాలన్న కోరిక నాకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీళ్ళలో మునిగి చనిపోయిన వాళ్ళు దాదాపు మూడు లక్షలు, అందులో నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలేనట. ఆ లెక్కలో ఇంకొక పాప మీ కొలను నుంచి చేరకూడదు. నాకు కావాల్సింది అంతే.

గొళ్ళెం దానంతట అదే పడేలా, పిల్లల చేతికి అందని ఎత్తులో, ఈ వారంలోనే పెట్టించండి. అది అయ్యేదాకా పిల్లల కొలను మూసేయండి. కుర్చీలో కూర్చునే మనిషికి నీళ్ళ మీద చూపు తప్ప ఇంకో పని చెప్పకండి, ప్రథమ చికిత్స నేర్పించండి. లోతు అంకెలు తెలుగులో, పెద్దగా, గట్టు మీదా గోడ మీదా రాయించండి. ఆ రోజు కెమెరా రికార్డింగ్ చెరపకుండా ఉంచండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

మా పాప ఇప్పుడు స్నానాల గదిలో కూడా తల మీద నీళ్ళు పోయనివ్వడం లేదు. వాళ్ళ అమ్మమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. దానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు. మా డబ్బు తిరిగిమ్మని అడగను.

కానీ ఒకటి అడుగుతున్నాను. మేము పాపను ఎత్తుకుని పరిగెడుతుంటే, ఆ తల్లిని మీ కౌంటర్ దగ్గర ఆపారు. చీరతో కొలనులో దిగినందుకు 200 ఫైను రాసి కట్టించుకున్నారు. ఆవిడే మర్నాడు మా అమ్మాయికి ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడుగుతూ, మాటల్లో ఈ సంగతి చెప్పింది. ఆవిడ పేరు, ఫోన్ నంబరు మీ ఎంట్రీ రిజిస్టర్‌లో ఉన్నాయి. ఆ 200 ఆవిడ ఇంటికి వెళ్ళి తిరిగి ఇచ్చి రండి.

ఇట్లు,
పాప తాతయ్య
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా