భావోద్వేగ ప్రజ్ఞ కౌంటరు అవతల కూడా ఉండాలి కదా!

సంపాదకులకు నమస్కారం.

పోయిన మంగళవారం జిల్లా పేజీలో 'విద్యార్థులకు భావోద్వేగ ప్రజ్ఞపై ఒకరోజు సదస్సు' అని ఫొటోతో సహా వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద రాస్తే మీరు వేయరని నాలుగు రోజులు ఆగాను. ఆగినా తగ్గలేదు. ఫొటోలో వేదిక మీద పదకొండు మంది ఉంటే తొమ్మిది మంది భుజాల మీద శాలువాలు. ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లలు మాత్రం ఒక్కరూ కనపడలేదు.

'ఈ తరానికి ఒత్తిడిని తట్టుకునే శక్తి లేదు' అని ముఖ్య అతిథి సెలవిచ్చారట. నా మనవరాలు ఆ సదస్సు జరిగిన యూనివర్సిటీలోనే బీటెక్ మూడో ఏడాది. ఆ పిల్ల ఏం తట్టుకుంటోందో ఆయనకు తెలియదు కాబట్టి నేను చెప్తాను.

ఈ సెమిస్టరు పరీక్షల టైమ్‌టేబుల్ మూడుసార్లు మారింది. మూడోసారి మారిన సంగతి రాత్రి పదకొండు దాటాక క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. సర్క్యులర్‌ని ఎవరో ఫోనుతో ఫొటో తీసి పెట్టారు. అందులో సంతకం ఉంది, ముద్ర ఉంది, తేదీ ఉండాల్సిన చోట మాత్రం ఎవరిదో బొటనవేలు అడ్డం ఉంది! పరీక్ష ఎల్లుండా, వచ్చే వారమా అని తెల్లవారుజామున మూడింటి దాకా పిల్లలు ఒకరికొకరు ఫోన్లు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక హాల్ టికెట్టు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక చూద్దాం అన్నారు. అప్పు చేసి కట్టాం. తీరా పరీక్షకు రెండు రోజుల ముందు వెళ్తే 'లిస్టులో పేరు లేదు' అన్నారు. ఆ రోజు నేనూ తోడు వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన తల ఎత్తలేదు. "మరి పరీక్ష ఎలా సార్?" అని పిల్ల అడిగితే, "నన్నడిగితే నేనేం చెప్తానమ్మా?" అని పన్నెండున్నరకే భోజనానికని తలుపు వేసుకున్నాడు. రసీదు మా పిల్ల చేతిలోనే ఉంది. మడిచి విప్పి, మడిచి విప్పి, చెమటకి అంకెలు అలుక్కుపోయాయి. "ఇంటికి పోదాం తాతయ్యా" అంది, అంతే. తెనాలి వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు కౌంటరు వెనకాలే కూర్చుని పనిచేసినవాణ్ణి. విసుగు నాకూ తెలుసు. పాసుల కోసం రోజుకి మూడొందల మంది వచ్చిన జూన్ నెలలు చూశాను. అయినా ఎదుటి మనిషి మొహం చూసి 'రేపు పదింటికి రా నాయనా, నేను చూస్తాను' అంటే వాడు సగం కుదుటపడతాడు. దానికి ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు.

ఈ భావోద్వేగ ప్రజ్ఞ అంటే ఏమిటని మనవరాలిని అడిగితే చదివి చెప్పింది. 1990లో సాలొవే, మేయర్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు దాని మీద రాశారట, 1995లో గోల్‌మన్ పుస్తకంతో ఊరూరా పాకిందట. తన మనసులో ఏముందో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గ్రహించి దాన్నిబట్టి నడుచుకోవడమట. మన పెద్దలు మొదటి సగమే చదివి పిల్లలకు అప్పజెప్పారు. రెండో సగం పరీక్షల కంట్రోలర్ ఆఫీసుకి వర్తించదు కాబోలు.

సదస్సు జరిగిన భవనంలోనే కింది అంతస్తులో 'స్టూడెంట్ కౌన్సెలింగ్ సెంటర్' అని బోర్డు ఉంది. వెళ్లి చూశాను. తాళం. కిటికీలోంచి తొంగిచూస్తే పాత జవాబు పత్రాల కట్టలు, రెక్క విరిగిన ఫ్యాను. కౌన్సెలర్ ఎవరని అటెండరుని అడిగితే "ఇంకా వేయలేదండీ" అన్నాడు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో కనీసం ఒకరుండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. ఎక్కడి కేసులోనో కాదు, మన విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి ప్రాణం పోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో. 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్క. ఇక్కడేమో కట్టల మీద దుమ్ము దులిపేవాడు లేడు. శాలువాలకి మాత్రం ఏ పద్దులోనో డబ్బు దొరికింది.

ఇంకోమాట. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, ఇంటికి ఫోను ఆదివారమే అని పెంచిన పిల్లలు వీళ్లు. బ్యాంకులో చలానా నింపడం కూడా రాకుండా బయటికి వస్తారు. అప్పుడు 'ర్యాంకు, ర్యాంకు' అని చప్పట్లు కొట్టినవాళ్లే ఇప్పుడు వేదికెక్కి 'పిల్లల్లో స్థైర్యం లేదు' అంటే వినడానికి కష్టంగా ఉంది. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి, ఒప్పుకుంటాను.

మీ పత్రికా తక్కువ తినలేదు. అతిథుల పేర్లు హోదాలతో సహా ఆరు లైన్లు వేశారు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకోవడానికి 14416 అని ప్రభుత్వ టెలీ మానస్ నంబరు ఒకటుంది, 2022 నుంచీ పనిచేస్తోంది, రాత్రయినా పగలయినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఆ ఒక్క లైను వేయడానికి చోటు చాలలేదా? హాస్టల్ గోడ మీద ఆ పోస్టరు ఉందిట, దాని మీద సగం దాకా ఏదో కోచింగ్ సెంటర్ పోస్టరు అంటించారట.

నెలాఖరుకి నాలుగోసారి టైమ్‌టేబుల్ మారుతుందని పిల్లలు అనుకుంటున్నారు. ఈసారి ఫొటో తీసేవారిని కాస్త బొటనవేలు పక్కకి పెట్టమనండి.

ఇట్లు,
ఒక తాతయ్య, తెనాలి