ఒపేరా హౌస్ ప్రోగ్రాం జమా ఖర్చులు – కమిటీ తరఫున

అందరికీ నమస్కారం. పోయిన నెల సిడ్నీ ఒపేరా హౌస్ కథ మీద పిల్లలతో బోర్డులు, మోడల్ పెట్టి చేశాం కదా, ఆ లెక్కలు ఇంకా రాలేదేంటని నలుగురైదుగురు అడిగారు. లేటైంది, తప్పు మాదే, ఇవిగో.

జమ: 31 ఫ్యామిలీలు, ఇంటికి 20 డాలర్ల చొప్పున 620, డబ్బాలో పడినవి 74.50. మొత్తం 694.50.

ఖర్చు: హాలు అద్దె 180 (బాండ్, అంటే ముందు కట్టిన డిపాజిట్, 100 వెనక్కొచ్చేసింది, ఇందులో కలపలేదు), ప్రొజెక్టర్ 60, టీ టిఫిన్లు 236, మోడల్ సామాను 68.30, బోర్డుల ప్రింటింగ్ 140, మళ్ళీ ప్రింటింగ్ 55. మొత్తం 739.30. అంటే 44.80 తక్కువ పడింది.

ఆ మళ్ళీ ప్రింటింగ్ సంగతేంటంటే, ఓపెనింగ్ 1973 అక్టోబర్ 20 అని పంపితే షాపు వాళ్ళు 1937 అని వేశారు, అప్పటికి అక్కడ ఉన్నది ట్రామ్ డిపో! ప్రూఫ్ చూసి ఓకే చెప్పింది నేనే కాబట్టి వాళ్ళని అనడానికి లేదు. ఆ 44.80 నేనే వేసుకుంటున్నా, మళ్ళీ చందా అడగం.

650లో అయిపోద్దన్నారుగా అని ఒక అన్నయ్య గట్టిగానే అడిగారు. నిజమే అన్నయ్యా. అసలు ఒపేరా హౌస్‌కే ఎస్టిమేట్ 70 లక్షల డాలర్లు అయితే చివరికి తేలింది 10 కోట్ల 20 లక్షలు, 1963కి అయిపోద్దన్నది ఇంకో పదేళ్ళు లాగింది, డిజైన్ చేసిన ఉట్జాన్ గొడవలతో 1966లో మధ్యలోనే వెళ్ళిపోయి పూర్తయ్యాక ఒక్కసారి కూడా వచ్చి చూసుకోలేదు, డబ్బు చాలావరకు జనం కొన్న లాటరీ టిక్కెట్లది. ఇది సాకు కాదులెండి, మా ఎస్టిమేట్‌లో టీ టిఫిన్లు తక్కువ రాశాం, అంతే.

రెనొవేషన్ బోర్డు దగ్గరే ఎక్కువమంది నిలబడ్డారు. కన్సర్ట్ హాల్ 2020 ఫిబ్రవరిలో మూసి 2022 జులైలో తెరిచారు, 15 కోట్ల డాలర్లు. సౌండ్ కోసం స్టేజీని 40 సెంటీమీటర్లు కిందికి దించారు, పైన వేలాడే పాత రింగులు తీసేసి పూరేకుల్లా ఉండే ముదురు గులాబీ రంగు పలకలు 18 పెట్టారు.

మోడల్ సామాను 68.30 ఎందుకైందంటే పైకప్పు పెంకులు. అసలు బిల్డింగ్‌కి 10,56,006 ఉన్నాయి, దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ తెలుపు కాదు, కొన్ని మెరిసే తెలుపు, కొన్ని మెరుపు లేని క్రీం. అందుకని పిల్లలు రెండు రకాల అట్టలూ కావాలని పట్టుబట్టారు, కొన్నాం.

బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. మోడల్ మా గరాజ్‌లో ఉంది, కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండి, పెంకులు రాలుతున్నాయి, గమ్ మీరే తెచ్చుకోవాలి.