అగస్త్యుడి నదిలో విడిచిన బట్టలు
తమిళనాడులోని పాపనాశంలో స్నానం చేసిన యాత్రికులు పాపం పోతుందని ఒంటిమీది బట్టల్ని తామ్రపర్ణి నదిలోనే వదిలేసే అలవాటును వెంటనే ఆపించాలి. శివపార్వతుల పెళ్లికి లోకమంతా కైలాసం చేరి ఉత్తరాన భూమి కుంగితే, దాన్ని సరిచేయడానికి దక్షిణాదికి వచ్చిన అగస్త్యుడికి ఆ కల్యాణ దర్శనం ఇక్కడే దక్కిందని స్థలపురాణం. తమిళులు తమ తొలి వ్యాకరణకర్తగా కొలిచే ఆ ముని కొండ పొదిగైలోనే ఈ నది పుట్టింది. మొన్న నేను నీళ్లలోకి దిగగానే కాలికి చుట్టుకున్నది ఎవరిదో చీర. రాళ్ల సందుల్లో నాచు పట్టిన పంచెలు, లుంగీలు, వాటి మధ్య షాంపూ ప్యాకెట్లు. పాపం పోతుందో లేదో గానీ, పాలిస్టర్ మాత్రం పోదు! దిగువన తిరునల్వేలి, తూత్తుకుడి జిల్లాలవాళ్లు తాగేది ఈ నీళ్లే. మెట్ల పక్కనే పెద్ద తొట్లు పెట్టి, విడిచిన బట్టలు వాటిలోనే వేయించాలి. కాదన్నవారికి అక్కడికక్కడే జరిమానా వేయాలి. మనవాళ్లూ వెళ్తున్నారు కాబట్టి తెలుగులోనూ బోర్డులుండాలి. అన్నిటికంటే ముందు, పరిహారాలు చెప్పే జ్యోతిష్కులు బట్టలు ఒడ్డున విడిచినా చాలని ఒక్క మాట చెప్పాలి.