హెడ్‌లైట్లు సరిచేయకుండానే ఫిర్యాదు మూసేసిన కంపెనీకి

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

అయ్యా,

నా పికప్ బండి హెడ్‌లైట్ల మీద ఇచ్చిన ఫిర్యాదు "పరిష్కారమైంది" అని మీ నుంచి మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎక్కడ? బండి నా దగ్గరే ఉంది. మీ మనిషి ఒక్కడూ దాన్ని ముట్టుకోలేదు. లైట్ల కంటే ఈ అబద్ధమే నాకు ఎక్కువ మంట పుట్టించింది, అందుకే ఈ ఉత్తరం.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. గుంతల రోడ్లకు గట్టివి కావాలని చెప్పి మీ సర్వీస్ సెంటర్ వాళ్లే కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) మార్చారు. దాంతో బండి ముందు భాగం లేచింది. లేచినప్పుడు లైట్లు కిందికి దించి సెట్ చేయాలి. అది చేయకుండానే తాళాలు చేతికిచ్చారు. టమాటా లోడు ఎక్కితే వెనక కుంగి మూతి ఇంకా పైకి లేస్తుంది. డిమ్‌లో పెట్టినా వెలుగంతా ఎదుటివాళ్ల కళ్లలోకే కొడుతోంది. డ్యాష్‌బోర్డు మీద లైట్లు పైకీ కిందికీ జరిపే లెవల్ చక్రం చివరిదాకా తిప్పినా దిగడం లేదు.

ఇక మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడు వినండి. సర్వీస్ అడ్వైజర్ దగ్గరికి వెళ్తే, "లైట్లు వెలుగుతున్నాయి కదన్నా, ఇంకేం ప్రాబ్లం?" అన్నాడు. వెలగడం లేదని నేను అనలేదు, ఎదుటివాడికి దారి కనపడడం లేదన్నాను. రాత్రిపూట వచ్చి చూడమన్నాను. "ఆరు దాటితే మెకానిక్‌లు ఉండరు" అన్నాడు. జాబ్ కార్డు, అంటే బండికి ఏం పని చేయాలో రాసే కాగితం, రాయమంటే, కంప్లైంట్ కిందికి రాదు కాబట్టి రాయలేమన్నాడు. కాగితం లేకపోతే నేను వచ్చినట్టే లెక్క ఉండదు. ఆయనకు కావాల్సిందీ అదే.

వర్క్స్ మేనేజర్‌ని అడిగితే, లైట్లు చెక్ చేసే మెషిన్ ఇక్కడ లేదు, తిరుపతి బ్రాంచికి వెళ్లమన్నారు. ఒక రోజు కిరాయి వదులుకుని వెళ్లాను. అక్కడ కౌంటర్లో ఉన్నాయన బండి వైపు చూడనైనా చూడలేదు. "కమాన్లు ఎక్కడ మార్చారో అక్కడే చూపించుకోండి" అని వెనక్కి పంపారు. మళ్లీ ఇక్కడికొస్తే, లైటు ఎత్తు సెట్ చేసే స్క్రూ పట్టేసింది, లైటు మొత్తం మార్చాలి, దానికి మీ హెడ్డాఫీసు అనుమతి రావాలన్నారు. ఆ అనుమతి ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో చెప్పేవాడు లేడు. పోనీ బయట మెకానిక్‌తో చేయించుకుంటానంటే, వారంటీ పోతుందని బెదిరించారు. అంటే మీరు చేయరు, ఇంకొకరిని చేయనివ్వరు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతారు, కథ మొదటి నుంచి చెప్పాలి. ఒకమ్మాయి బల్బు మార్చుకోమంది. ఇంకొకాయన సీనియర్ కాల్ చేస్తారన్నాడు. ఆ సీనియర్ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కాల్ అయితే ఒకటొచ్చింది, సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు ఇస్తారని అడగడానికి!

మీరు ఇంతగా సాగదీసిన పని ఎంతదో తెలుసా? బండిని చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో ఆపాలి. లైటు ఎత్తు కంటే వెలుగు అంచు గోడ మీద సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడేలా లైటు వెనకున్న స్క్రూ తిప్పాలి. లోడుతో ఒకసారి చూసుకోవాలి. స్క్రూ పట్టేసి ఉంటే భాగం మార్చాలి. దీనికి హెడ్డాఫీసు దాకా పోవాలా?

మదనపల్లె మార్కెట్లో లోడు ఎత్తి రాత్రికి రాత్రి చెన్నై పోయేవాణ్ణి. మొగిలి ఘాట్‌లో మలుపు తిరిగేసరికి ఎదురొచ్చే బైకువాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. భార్యాబిడ్డల్ని ఎక్కించుకున్నవాళ్లూ ఉంటారు. అటు నుంచి తిట్లు నేను తింటున్నాను, రేపు ఏమైనా జరిగితే పోలీస్ కేసూ నా మీదే పడుతుంది. మీ రికార్డులో మాత్రం ఫిర్యాదు పరిష్కారమైపోయింది.

మా నాన్న కొన్న మొదటి బండి మీదే. మా తమ్ముడిదీ మీదే. ఊళ్లో ఎవరు బండి కొనాలన్నా మీ షోరూమ్‌కి నేనే తీసుకొచ్చేవాణ్ణి. అమ్మేటప్పుడు టీ ఇచ్చి "మీరు మా ఫ్యామిలీ" అన్న మేనేజరే ఇప్పుడు గాజు తలుపు అవతల నుంచి నన్ను చూసి లోపలికి పోతున్నాడు.

ఇంకోమాట. "మీది కమర్షియల్ బండి, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా చెల్లదు" అని ఆ మేనేజరే నాతో అన్నారు. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఈ బండికి ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే.

మూసేసిన ఫిర్యాదు మళ్లీ తెరవండి. జాబ్ కార్డు రాసి, లైట్లు సరిచేసి, ఏం చేశారో కాగితం మీద సంతకంతో ఇవ్వండి. పోయిన కిరాయి సంగతీ తేల్చండి. ఈ నెలాఖరులోగా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడతాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మా యూనియన్ వాళ్లందరితో వచ్చి మీ షోరూమ్ ముందు బండ్లు అడ్డం పెడతాం. ఈసారి కాల్ చేసేవాడు మార్కులు అడగడానికి చేయొద్దు.

ఇట్లు,
సొంత బండి నడుపుకునే మీ కస్టమర్,
మదనపల్లె